వేదాయపాళెం నుంచి గూడూరుకు రోజూ కారులో: ఏ టోల్ పాస్ మేలు?

ప్రశ్న (వేదాయపాళెం): ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, వచ్చే నెల నుంచి గూడూరులో డ్యూటీ. పోనూ రానూ 80 కిలోమీటర్ల దాకా వస్తుంది, నెలకు 25 రోజులు. పెట్రోలు కారు. దారిలో వెంకటాచలం టోల్‌గేటు ఉంది, ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే ఏడాదంతా సరిపోతుందా? వానలప్పుడు ఆ రోడ్డు మీద ఎక్కడ జాగ్రత్తపడాలి?

సమాధానం (హైవే లెక్కలు): పేరుకి వార్షిక పాసేగానీ అన్నా, ఏడాదో 200 ట్రిప్పులో, ఏది ముందయితే దాంతో సరి. గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు, తిరిగొస్తే ఇంకోటి. మీకు నెలకు 50 పడతాయి, నాలుగు నెలలకే పాస్ అయిపోతుంది. ఏడాదికి మూడు పాసులు, 2025-26లో ఉన్న రూ.3000 లెక్కన చూసినా రూ.9000. మీకు కావాల్సింది లోకల్ పాస్. గేటుకు 20 కిలోమీటర్ల లోపల కాపురముండేవాళ్ల సొంత కార్లకు ఇస్తారు. 2025-26లో నెలకు రూ.350, ఎన్నిసార్లు తిరిగినా అంతే. ఆ లెక్కన ఏడాదికి రూ.4200. అయితే అది ఆ ఒక్క గేటుకే. గూడూరు దాటి చెన్నై వైపు పోతే బూదనం, సూళ్లూరుపేట గేట్లలో మామూలుగా కట్టాల్సిందే.

ఆర్సీ, ఆధార్ జిరాక్సులు తీసుకొని గేటు దగ్గరుండే ఆఫీసులో అడగండి. పాస్ చేతికొచ్చాక కూడా ఫాస్టాగ్‌ను గమనిస్తా ఉండాలి. ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడిందంటే గేటు తెరుచుకోదు. అప్పుడు యూపీఐతో కడితే మామూలు టోల్‌కు ఒకటింపావు వంతు.

వేదాయపాళెం: ఆధార్ నెల్లూరుదే, ఆర్సీలో మాత్రం కడప అడ్రస్ ఉందన్నా.

హైవే లెక్కలు: అయితే ముందు ఆర్సీ మార్పించండి, పాస్ దగ్గర పేచీ వచ్చేది అక్కడే. అసలు ఇల్లు మారిన 30 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

సమాధానం (మనుబోలు మలుపు): వాన సంగతి నేను చెప్తా. బుజబుజ నెల్లూరు దగ్గర హైవే ఎక్కితే మీకు రైల్వే అండర్‌బ్రిడ్జిల బాధ ఉండదు. పొదలకూరు రోడ్డు వైపు వాళ్లకే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. మీరు చూసుకోవాల్సింది మనుబోలు, గూడూరు మధ్య పంబలేరు వాగు. వాయుగుండం పట్టి పైన వానలు దంచితే అది పొంగి హైవే మీదికే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయల్దేరేముందే అటునుంచి వచ్చేవాళ్లను అడగండి.

నీళ్లు టైరులో సగానికి మించితే దిగొద్దు. తక్కువుంటే ఫస్ట్ గేరులోనే, యాక్సిలరేటరు వదలకుండా నిదానంగా దాటండి. మధ్యలో ఇంజన్ ఆగిందా, మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. గాలి లాగే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి పోయుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చాలా బండ్లు నీళ్లలో ఆగినందుకు కాదు, ఆగాక కొట్టిన ఆ ఒక్క సెల్ఫుకే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. దిగి తోయించి, టోయింగ్ బండి పిలవండి.

సమాధానం (వడ్లకాలం): వానకంటే కోతల కాలానికే నేను భయపడతా. మార్చి, ఏప్రిల్ నెలల్లో సర్వీసు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు వడ్లు ఎత్తాక కూడా అక్కడే ఉండిపోతాయి. నల్ల పట్ట కప్పిన కుప్ప చీకట్లో మీదికి పోయేదాకా కనపడదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు కూడా ఎడమ అంచునే పోతాయి. పొద్దుగూకినాక అంచు వదిలి నడపండి, 80 దాటొద్దు.

ఇంకోటి, నెలకు 2000 కిలోమీటర్లంటే 10,000 కిలోమీటర్ల సర్వీసు ఐదు నెలలకే వస్తుంది. ఏడాదికోసారి చేయిస్తే చాలదు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూడండి. ఎండలో 40 కిలోమీటర్లు వచ్చాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుందని అప్పుడు తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో హైవే మీద పోతే పక్కగోడ వేడెక్కి టైరు పేలుతుంది. డ్రైవరు డోరు పక్కన స్టిక్కరు మీద ఎంతుంటే అంతే పెట్టించండి.