అప్‌డేట్: హిట్ ఫ్యాక్టర్ అదే, శాతం మాత్రం తగ్గింది (కారణం దొరికింది)

హిట్ ఫ్యాక్టర్ (పాయింట్లను సెకన్లతో భాగిస్తే వచ్చేది) అదే ఉన్నా శాతం ఎందుకు తగ్గిందని కిందటి నెల అడిగింది నేనే. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీల సంస్థ) క్యారీ ఆప్టిక్స్ డివిజన్‌లో (ఆప్టిక్ సైట్ బిగించిన పిస్టళ్ల విభాగం) ఒకే క్లాసిఫయర్‌ను (షూటర్ స్థాయిని తేల్చే స్టేజీ) రెండుసార్లు కొట్టాను. రెండుసార్లూ 6.10 హిట్ ఫ్యాక్టరే, కానీ అప్పుడు 61 శాతం వస్తే ఇప్పుడు 57 వచ్చింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"హై హిట్ ఫ్యాక్టర్ మారిందేమో చూడండి" అన్నవారి మాటే నిజమైంది. అంటే ఆ స్టేజీకి 100 శాతంగా పెట్టిన హిట్ ఫ్యాక్టర్. మన శాతం లెక్కగట్టేది మన హిట్ ఫ్యాక్టర్‌ను దానితో భాగించే. అది 10 నుంచి 10.7కి పెరిగింది, అంతే!

స్కోర్ షీట్ కూడా తీసి చూశాను: 8 ఆల్ఫాలు (టార్గెట్ మధ్య జోన్, ఒక్కోటి 5 పాయింట్లు), 4 చార్లీలు (దాని బయటి జోన్, ఒక్కోటి 3), మొత్తం 52 పాయింట్లు, 8.52 సెకన్లు. తప్పేం లేదు. టైమర్ మీద నా అనుమానం ఉత్తదే. పవర్ ఫ్యాక్టర్ (తూటా శక్తి కొలత, దాన్నిబట్టి పాయింట్లు మారతాయి) సంగతి ఇక్కడ వర్తించదు, ఈ డివిజన్‌లో అందరికీ మైనర్ స్కోరింగే (తక్కువ శక్తికి ఇచ్చే పాయింట్లే).

నా అసలు టెన్షన్ బీ క్లాస్ పోతుందేమోనని. పోదట. బీ క్లాస్‌కి క్లాసిఫయర్ శాతాల సగటు 60 కావాలి, నిజమే, కానీ సగటు పడిపోయినా క్లాస్ దానంతటది దిగదు. పైగా లెక్కలోకి వచ్చేది ఇటీవలి 8 స్కోర్లలో మంచివి 6. ఈ 57 వాటిలోకే రాలేదు. రెండు రోజుల నిద్ర మాత్రం పోయింది!