‘లేడెట్’ను తెలుగులో ఏమంటే బాగుంటుంది?

మా అమ్మకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. నేను చూస్తుంటే పక్కన కూర్చుని ‘లేడెట్ టు లేడీ’కి అతుక్కుపోయింది. 2005లో బ్రిటన్‌లో ఐటీవీ అనే టీవీ చానెల్ మొదలుపెట్టిన రియాలిటీ షో అది. తాగి, బూతులు మాట్లాడుతూ తిరిగే మామూలు అమ్మాయిల్ని ఎగిల్‌స్టన్ హాల్ అనే పాత బంగళాలో పెట్టి, పెద్దింటి మర్యాదలు నేర్పిస్తారు. వంట, పూల అమరిక, నడక, మాట తీరు అన్నీ. కుదరనివాళ్లని ఒక్కొక్కరినే ఇంటికి పంపేస్తారు.

అమ్మ కోసం తెలుగులో సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. లేడెట్ అంటే 1990లలో అక్కడ పుట్టిన మాట, కుర్రాళ్లతో సమానంగా తాగి అల్లరి చేసే అమ్మాయి. ‘మగరాయుడు’ అని రాశాను. అమ్మ చదివి, "మగరాయుడంటే చెట్లెక్కే పిల్ల కదే, ఈ పిల్ల బకెట్‌లో వాంతి చేసుకుంటోంది" అంది. నిజమే! ‘గయ్యాళి’ అంటే నోరు మాత్రమే వస్తుంది, తాగుడు రాదు. ‘బరితెగించిన పిల్ల’ అంటే మరీ తిట్టులా ఉంది. అసలు మాటలో కాస్త ముద్దు కూడా ఉంది మరి.

ఇంకోటి, ‘ఫినిషింగ్ స్కూల్’, అంటే అమ్మాయిలకి ఇలా పెద్దింటి మర్యాదలు నేర్పే బడి. అమ్మ దాన్ని స్కూలు మూసేయడం అనుకుంది.

గోదావరి వైపు, తెలంగాణ వైపు ఇలాంటి అమ్మాయిని ఏమంటారు? మీ ఇంట్లో వాడే మాటైనా సరే, చెప్పండి ప్లీజ్. రెండో ఎపిసోడ్ ఎప్పుడని అమ్మ రోజూ అడుగుతోంది.