పేగువాపు జబ్బుకు ఓపీలోనే అల్ట్రాసౌండ్: గ్యాస్ట్రో డాక్టరే చేయాలా, రేడియాలజిస్టుకు పంపాలా?

కృష్ణాతీరం:
మా తమ్ముడికి క్రోన్స్ అనే పేగువాపు జబ్బు. కొత్త మందు పనిచేస్తోందో లేదో చూడ్డానికి మళ్లీ కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అంటున్నారు. జర్మనీలో ఉండే మా బంధువుకైతే గ్యాస్ట్రో డాక్టరే ఓపీలో పొట్ట మీద ప్రోబ్ పెట్టి చూసి, అక్కడికక్కడే డోసు మార్చారట. ఇక్కడెందుకు చేయరు? స్కోపీ బిల్లు కోసమేనా?

గ్యాస్ట్రో డాక్టర్:
బిల్లు గొడవ తర్వాత. పేగు గోడ మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. వాపుంటే మందమవుతుంది, డాప్లర్‌లో రక్తప్రవాహం ఎక్కువగా కనిపిస్తుంది, పక్కనున్న కొవ్వు ఉబ్బుతుంది. మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, ముందురోజు రాత్రి విరేచనాల మందు తాగి బాత్రూమ్‌కి పరుగులు తీసే పని లేదు. జర్మనీలోనే అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగుకు వచ్చే వాపు జబ్బు) మీద చేసిన ట్రస్ట్ అధ్యయనంలో (2020) చికిత్స మొదలైన రెండు వారాలకే గోడ మందం తగ్గడం చూశారు. అందుకే ఫాలో అప్ స్కాన్ మా చేతిలోనే ఉండాలంటాను. బయటికి పంపితే రిపోర్టు పట్టుకుని పేషెంట్ తిరిగొచ్చేదాకా పనిచేయని మందే నడుస్తుంటుంది.

రేడియాలజిస్ట్:
డాక్టర్ గారూ, వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చి 2.8కీ 3.2కీ తేడా చెప్పేస్తారా? ప్రోబ్ కాస్త గట్టిగా నొక్కినా, పేగు ముడుచుకున్న క్షణంలో కొలిచినా అంకె మారిపోతుంది. బ్రిటన్‌లో 8 ఆసుపత్రుల్లో 284 మందిపై జరిగిన మెట్రిక్ అధ్యయనం (2018) చూడండి. చిన్నపేగులో జబ్బు ఉందని పట్టుకోవడంలో ఎంఆర్‌ఐ 97 శాతం, అల్ట్రాసౌండ్ 92. పర్లేదు. కానీ ఎంతమేర పాకిందన్న దగ్గర 80కి 70. మన దగ్గర ఇంకో తిరకాసు, పేగు టీబీ. అందులోనూ క్రోన్స్‌లో లాగే చిన్నపేగు చివర్లో గోడ మందమవుతుంది.

కొలైటిస్_వనజ:
నా జబ్బంతా మలద్వారానికి దగ్గర్లోనే. పొట్ట మీద నుంచి అది సరిగ్గా కనపడదని మా డాక్టర్ గారే చెప్పారు. నాకు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) పరీక్ష, అప్పుడప్పుడూ చిన్న స్కోపీ. మీరెవరు చేసినా నాకు ఒరిగేదేం లేదు :)

ఆసుపత్రి_మేనేజర్:
అసలు అడ్డంకి ఎవరూ చెప్పలేదు. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, వాడే డాక్టరుకు అర్హత ఉండాలి. "మేం పేగులే చూస్తాం" అంటే మినహాయింపు ఇవ్వరు. పోర్టబుల్ యంత్రాల మీద ఆంక్షలు వేరే. ఈ టెన్షన్ ఎందుకని యాజమాన్యాలు రేడియాలజీ గదికే వదిలేస్తాయి.

గ్యాస్ట్రో డాక్టర్:
టీబీ మాట నిజమే. మొదటిసారి జబ్బు తేల్చడానికి స్కోపీ, బయాప్సీ ఉండాల్సిందే, అక్కడ పేచీ లేదు. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. కృష్ణాతీరం గారూ, మందు మొదలెట్టక ముందు మీ తమ్ముడి పేగు మందం ఎంత?

కృష్ణాతీరం:
పాత స్కాన్ రిపోర్టు తీశానండి. "చిన్నపేగు చివరి భాగంలో గోడ మందంగా ఉంది" అని మాత్రమే ఉంది. అంకె లేదు.

గ్యాస్ట్రో డాక్టర్:
చూశారా రేడియాలజీ గారూ? ఇప్పుడు 4 వస్తే తగ్గినట్టా, పెరిగినట్టా?

రేడియాలజిస్ట్:
అది ఒప్పుకోవాల్సిందే, అంకె రాయాల్సింది. స్కాన్ చేసిన చోట ఇమేజ్‌లు దాచి ఉంటే సీడీ అడగండి, వాటి మీద ఇప్పుడైనా కొలవొచ్చు. అది దొరికాకే స్కోపీ వాయిదా గురించి మీ డాక్టరుతో మాట్లాడండి.