చీటీ డబ్బు లక్షన్నర: సోలారా, కొత్త ఏసీనా, స్లాబు మీద సున్నమా?

పానగల్లు రోడ్డు (నల్లగొండ)
అందరికీ నమస్కారం. ఈ నెల చీటీ ఎత్తుకున్నాను, చేతికి లక్షన్నర వచ్చింది. దాంతో కరెంటు బిల్లు సంగతి తేల్చుకుందామని కూర్చుంటే ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి.

ఇల్లు 2011లో కట్టింది. 1,200 చదరపు అడుగుల స్లాబు, పైన ఇంకేమీ లేదు. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా ఆ గోడకు చెయ్యి ఆనించలేం. ఏసీ 2013లో కొన్నది, ఒకటిన్నర టన్ను, 3 స్టార్, ఇన్వర్టర్ రకం కాదు, ఇంకా నడుస్తోంది. తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి, 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమయ్యే గృహజ్యోతి మాకు రాదు. పాత బిల్లులన్నీ తీసి చూస్తే మార్చి నుంచి జూన్ దాకా నెలకు 400 యూనిట్లు, జులై నుంచి అక్టోబర్ దాకా 240, చలికాలంలో 160.

మా అబ్బాయి 3 కిలోవాట్ల సోలార్ అంటాడు. మా ఆవిడ ఏసీ మోతకు నిద్ర పట్టడం లేదు, ముందు అది మార్చమంటుంది. తమ్ముడేమో స్లాబు మీద సున్నం కొట్టించి మిగిలింది బ్యాంకులో వెయ్యమంటాడు. సోలార్‌కు సబ్సిడీ తియ్యకముందు ధర 2 కిలోవాట్లకు 1,40,000, 3 కిలోవాట్లకు 2,05,000 చెప్పారు. చేయించినవాళ్లు చెప్పండి. అమ్మేవాళ్ల లెక్కలు విన్నాను, చాలు.

వైరింగ్ అన్న (దేవరకొండ)
సార్, ఫ్యాన్లు ఎన్ని, రోజుకు ఎన్ని గంటలు తిరుగుతాయి? అది చెప్పకుండా అందరూ ఏసీ, సోలార్ అంటారు.

పానగల్లు రోడ్డు (నల్లగొండ)
నాలుగు. మూడైతే ఎండాకాలం, వానాకాలం రోజుకు 14 గంటల దాకా తిరుగుతాయి. ఇల్లు కట్టినప్పటివే.

రిటైర్డ్ క్యాషియర్ (సూర్యాపేట)
మీరు బిల్లులు తీసి చూశారు, సగం పని అయిపోయింది. మిగతా సగం నేను చేస్తాను, పని లేనివాణ్ణి.

ముందు రేటు. నెలకు 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటిందా, మొదటి 200 కూడా 5.10కి మారిపోతాయి. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. ఈ లెక్కన మీ ఏడాది ఖర్చు, ఫిక్స్‌డ్ ఛార్జీ లాంటివి వదిలేస్తే, పద్దెనిమిదిన్నర వేలు. అమ్మేవాళ్లు చేసే కనికట్టు ఇక్కడే. బిల్లును యూనిట్లతో భాగించి సగటు రేటు చెప్తారు. మీరు ఆదా చేసే యూనిట్లు ఎక్కువ రేటు పడే పై మెట్టులోవి, వాటి లెక్క వేరు.

ఫ్యాన్లు చూద్దాం. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటరున్న బీఎల్‌డీసీది 30 వాట్లు. తేడా 45 వాట్లు, 14 గంటలకు నెలకు 19 యూనిట్లు. మూడింటికి 57. ఎండాకాలంలో మీ 400 యూనిట్లు 343 అవుతాయి, నెలకు 513 రూపాయలు మిగులుతుంది. వానాకాలంలో 240 కాస్తా 183 అవుతుంది. అంటే 200 గీత కిందికి దిగారు, 1,328 రూపాయల బిల్లు 738కి వస్తుంది. ఏడాదికి నాలుగు వేల నాలుగు వందలు. ఫ్యాను మూడు వేలనుకుంటే మూడింటికి తొమ్మిది వేలు. మన పల్లె లెక్కలో నూటికి నెలకు నాలుగు రూపాయల వడ్డీ. అంత వడ్డీకి మీకు ఎవరిస్తారు? ఇస్తామన్నా తిరిగి వస్తాయని నమ్మకమేముంది?

ఇప్పుడు ఏసీ. రోజుకు ఆరు గంటలు, నాలుగు నెలలు, అంటే 720 గంటలు. కొత్త 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీతో 400 యూనిట్ల దాకా తగ్గొచ్చు, ఫ్యాన్లు మార్చాక లెక్కేస్తే ఏడాదికి మూడు వేల మూడు వందలు. ధర 42,000. నూటికి ఎనిమిది శాతం కనబడుతోంది కదా, బ్యాంకు కంటే నయమేగా అనకండి. బ్యాంకులో అసలు అలాగే ఉంటుంది. ఏసీలో అసలు అరిగిపోతుంది. పన్నెండు, పదమూడేళ్లకు పెట్టుబడి తిరిగొచ్చేసరికి ఏసీని పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోయి ఉంటాడు. పాతది చచ్చేదాకా వాడండి. చచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు ఎలాగూ ఏదో ఒకటి కొనాలి కాబట్టి 3 స్టార్‌కు, 5 స్టార్‌కు మధ్య ఉన్న ఏడెనిమిది వేల తేడానే పెట్టుబడి. అది బాగానే గిట్టుతుంది.

మిల్లు పక్క షాపు (మిర్యాలగూడ)
క్యాషియర్ గారు చెప్పింది ఇళ్లకు. దుకాణాలకు ఇంకా తేలిక, ఎందుకంటే మా రేటు పది రూపాయల దగ్గర ఉంటుంది. మా బట్టల షాపులో పాత చోకు ట్యూబులైట్లు 20 ఉండేవి, ఒక్కోటి 50 వాట్లు లాగేది. ఎల్‌ఈడీ 20 వాట్లు. రోజుకు పది గంటలు. ట్యూబుకు నెలకు తొమ్మిది యూనిట్లు తగ్గాయి, అంటే తొంభై రూపాయలు. ఎల్‌ఈడీ ధర 250. మూడు నెలల్లో వచ్చేసింది. ఐదేళ్లు ఎందుకు ఆగానో నాకే తెలియదు.

ఇంటి మీద సోలార్ కూడా పెట్టించాను. దాని కథ వేరే. మా వీధికి రెండు సందుల అవతల రైస్ మిల్లు. గాలి ఇటు తిరిగితే ఊక బూడిద ప్యానెళ్ల మీద పొరలా పడుతుంది. కడగకపోతే యాప్‌లో యూనిట్లు పడిపోవడం కళ్లారా చూస్తున్నాను. వారానికోసారి పొద్దున్నే పైపు పట్టుకుని ఎక్కుతాను. యాభై దాటినవాణ్ణి, మోకాళ్లు ఊరుకోవు. మనిషిని పెడితే నెలకు మూడు వందలు. ఆ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

పాలమూరు అద్దెకొంప (మహబూబ్‌నగర్)
మీరంతా సొంతిల్లు వాళ్లు. నేను రెండో అంతస్తులో అద్దెకుంటాను, పైన స్లాబే. ఓనరు కింద చల్లగా ఉంటాడు. డాబాకు ఎండను తిప్పికొట్టే కూల్ పెయింట్ వేయిద్దామంటే "నీ బిల్లు తగ్గితే నాకేమొస్తది" అన్నాడు. నిజమే, ఆయనకేమొస్తది? నేను వేయిస్తే ఆర్నెల్లకు ఇల్లు ఖాళీ చెయ్యమనొచ్చు. సగం సగం అన్నాను, దానికీ ఒప్పుకోలేదు. చివరికి సంచిలో పెట్టుకుని పోగలిగినవి మాత్రమే కొన్నాను: రెండు ఫ్యాన్లు, బల్బులు, కిటికీలకు గోనెపట్టాలు. పాత ఫ్యాన్లు అటక మీద దాచాను, పోయేటప్పుడు మళ్లీ బిగించి పోవాలి కదా.

గద్వాల మగ్గం ఇల్లు (గద్వాల)
మాది జీరో బిల్లు, తెల్ల కార్డు ఉంది. కరెంటు ఉచితం కదా, ఆదా గీదా మనకెందుకని అనుకునేవాళ్లం. పోయిన ఏప్రిల్‌లో కొత్త కూలర్ వచ్చింది. మీటరు 206 చూపించింది. 200 దాటితే దాటిన ఆరు యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. వెయ్యికి పైన వచ్చింది! ఆరు యూనిట్లకు వెయ్యి రూపాయలు.

తర్వాత ఇంట్లో ఒకటి, మగ్గం గదిలో ఒకటి ఫ్యాను మార్చాం. ఇప్పుడు నెల పాతికో తారీఖు నుంచి మా అత్తమ్మ మీటరు చూస్తూ ఉంటుంది. 150 లోపు వాడే జీరో బిల్లు ఇళ్లకైతే ఇవేవీ కొనే అవసరం లేదు, నా మాట వినండి. 200కి అటూ ఇటూ ఊగేవాళ్లకే.

వైరింగ్ అన్న (దేవరకొండ)
గద్వాల అక్క లెక్క నూటికి నూరు కరెక్టు.

బీఎల్‌డీసీ గురించి ఒక మాట. ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తాను, నా బేరం పోయినా సరే. పాత ఫ్యాను కాలితే నేనే వైండింగ్ చుట్టి ఇస్తాను. దీంట్లో లోపల బోర్డు ఉంటుంది. అది పోతే మా ఊళ్లో చేసేవాడు లేడు, కంపెనీకి పంపాలి. మే నెలలో ఫ్యాను లేకుండా పది రోజులు ఊహించుకోండి. పాతదొకటి అటక మీద ఉంచుకోవాలి, అద్దెకొంప తమ్ముడు తెలియకుండానే మంచి పని చేశాడు. మీ ఊళ్లో సర్వీసు ఉన్న రకమే కొనండి, వారంటీ కాగితం పారేయకండి.

ఇంకోటి, బోరు మోటరు. ఒకటిన్నర హెచ్‌పీ మోటరు నడిచినంతసేపూ గంటకు యూనిటున్నర దాకా తాగుతుంది. ట్యాంకు నిండి రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఎవరో కేకేస్తే గానీ ఆపరు. ట్యాంకు నిండగానే మోటరు ఆపే ఫ్లోట్ స్విచ్ నాలుగైదు వందలే.

రిటైర్డ్ క్యాషియర్ (సూర్యాపేట)
మోటరు సంగతి మరిచాను, థాంక్స్.

ఇప్పుడు సోలార్. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, ఆపైన ఎంత పెట్టినా 78,000 దాటదు. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు. మీ కొటేషన్లే తీసుకుందాం. 2 కిలోవాట్లు చేతి నుంచి 80,000, ఏడాదికి పదహారు వేల దాకా మిగులుస్తుంది. 3 కిలోవాట్లు 1,27,000, మిగిలేది పద్దెనిమిది వేలు. అంటే ఆ మూడో కిలోవాటు కోసం 47,000 పెడితే ఏడాదికి దాదాపు రెండు వేలు. మీ చలికాలం 160 యూనిట్లకు అంత ఉత్పత్తి అక్కర్లేదు. మిగులు గ్రిడ్డుకు పోతుంది, దానికి వచ్చేది మీరు కట్టే తొమ్మిది రూపాయల రేటు కాదు. మీ అబ్బాయికి ఈ పేరా చూపించండి.

ఇంకొక చిక్కు. ఫ్యాన్లు ముందు మారిస్తే ఆ 2 కిలోవాట్లు మిగిల్చేది కూడా పన్నెండు, పదమూడు వేలకు దిగుతుంది. ఖరీదైన యూనిట్లను ఫ్యాన్లే తినేశాయి కదా. అందుకే రెండింటి లాభాలూ విడివిడిగా వేసి కూడకూడదు. ఆరేళ్ల పైన పడుతుంది, ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి కాబట్టి నష్టమైతే లేదు. అప్పు తెచ్చి మాత్రం పెట్టకండి. ఆ 80,000 రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి పందొమ్మిది వేలు వడ్డీకే పోతుంది.

మిల్లు పక్క షాపు (మిర్యాలగూడ)
రెండు అనుభవాలు కలుపుతాను. సబ్సిడీ ముందు రాదు, బిగించి మీటరు మార్చాక మన ఖాతాలో పడుతుంది. నాకు మొదట వచ్చిన ఏజెంటు సబ్సిడీ తీసేసిన ధర చెప్పి, అడ్వాన్స్ ఇచ్చే రోజు మొత్తం అడిగాడు. పంపించేశాను. రెండు, కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది! లైన్ మీద పని చేసేవాడికి షాక్ కొట్టకుండా అలా పెడతారట. బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్‌లా పనికొస్తుందని అనుకోకండి. మా ఆవిడ ఇప్పటికీ ఈ విషయంలో నన్ను వదల్లేదు.

కోతుల సంగతి చెప్పనే లేదు. ప్యానెళ్ల మీద జారుడుబల్ల ఆడతాయి, వైర్లు పీకుతాయి. వైర్లన్నీ పైపులో వేయించండి.

నాపబండల గోడ (నారాయణపేట)
మా తాతల ఇల్లు రెండడుగుల రాతి గోడలు, పైన మట్టి మిద్దె. మే నెల మధ్యాహ్నం కూడా దుప్పటి లేకుండా చాప మీద పడుకుంటే హాయి. 2016లో పడగొట్టి నాలుగంగుళాల సిమెంటు ఇటుకతో స్లాబు వేశాం. ఇప్పుడు రెండు ఏసీలు. అయితే పాతదాన్ని మరీ పొగడను. ఏటా వానలకు ముందు మిద్దె మీద మట్టి వేయించాలి, అయినా కారేది, తేళ్లు రాలేవి. ఆ చాకిరీ చేసింది మా నాయనమ్మ, చల్లగా పడుకున్నది మేము. కొత్తగా కట్టేవాళ్లు పడమటి గోడ ఒక్కటైనా తొమ్మిదంగుళాలు పెట్టి, కిటికీలకు సజ్జ బయటికి లాగండి. కట్టేటప్పుడు వేలల్లో పోయేది, కట్టాక లక్షలు పెట్టినా కుదరదు.

జడ్చర్ల కోడలు (జడ్చర్ల)
క్యాషియర్ గారూ, మీ లెక్కలు బాగున్నాయి. కానీ నా ఖర్చు ఏ వడ్డీకీ రాదు. మామయ్యగారు మూడేళ్లుగా మంచం మీదే ఉన్నారు. ఉన్న ఒక్క గది పై అంతస్తులో. ఏసీ గాలి ఆయనకు పడదు, దగ్గు. డాబా అంతా తెల్ల పెంకుముక్కలు పరిపించాను, దాని మీద కూల్ పెయింట్, మొత్తం 28,000 అయింది. గదిలో గోడకు థర్మామీటరు పెట్టాను. అంతకుముందు మధ్యాహ్నం 38 ఉండేది, తర్వాత మేలో 35 దాటలేదు. బిల్లు తగ్గిందా అంటే, లేదు. ఆ గదిలో అంతకుముందు కూడా ఫ్యానే కదా. మీ పద్ధతిలో నా లాభం సున్నా. మామయ్యగారు ఇప్పుడు మధ్యాహ్నం నిద్రపోతున్నారు.

రిటైర్డ్ క్యాషియర్ (సూర్యాపేట)
ఒప్పుకుంటున్నానమ్మా. నా లెక్కలో మీటరు తిరిగితేనే లాభం కనబడుతుంది. ఏసీ లేని ఇంటికి అది సరిపోదు.

పాలమూరు అద్దెకొంప (మహబూబ్‌నగర్)
అక్కా, ఇది మా ఓనరుకు చదివి వినిపిస్తాను. అన్నట్టు 2023లో మన తెలంగాణలో, ఇంటి పైకప్పులు ఎండకు వేడెక్కకుండా చెయ్యాలనే కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు మన ఇష్టం. మా ఓనరుది 180 గజాలు.

పానగల్లు రోడ్డు (నల్లగొండ)
అందరికీ పేరుపేరునా చెప్పలేను. తేలింది ఇది: మూడు ఫ్యాన్లు ఈరోజే తెచ్చాను, ఒక పాతది దాచాను. ఫ్లోట్ స్విచ్ కూడా. జడ్చర్ల అమ్మాయి రాసింది మా ఆవిడకు వినిపించాను, ముందు స్లాబు చేయిద్దాం అంది, ఏసీకి మే దాకా గడువిచ్చింది. సోలార్ 2 కిలోవాట్లే, అదీ జూన్ బిల్లు చూశాక. మావాడు అలిగాడు.

ఈ ఏడాదికి సున్నమే. కలపడం ఎలాగో ఎవరైనా చెప్పండి. ఆ తెలుపు మీద వడియాలు పెట్టుకోవచ్చా అని మా అమ్మ అడుగుతోంది.

వైరింగ్ అన్న (దేవరకొండ)
సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, అంటుకోవడానికి బంక కలపండి. స్లాబు బాగా ఊడ్చి, తడిపి, రెండు పూతలు. కళ్లద్దాలు లేకుండా కుంచె పట్టకండి, కంట్లో పడితే మామూలు మంట కాదు. వానలకు పోతుంది, ఏటా వేయాల్సిందే. వడియాలకు చీర పరుచుకోమనండి, కాకపోతే ఆ తెలుపుకు అమ్మగారి కళ్లు జిగేలుమంటాయి, పొద్దున్నే పెట్టేసి దిగమనండి.

సార్, ఎల్లుండి మొదలుపెట్టకండి. మబ్బు పట్టింది ఇక్కడ.