టెండెన్సీ, ప్రొపెన్సిటీ, ప్రొక్లివిటీ, పెన్‌షాంట్: ఎక్కడ ఏది?

ప్రశ్న: ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒకే పేజీలో ఈ నాలుగు మాటలూ వచ్చాయి. ఏ నిఘంటువు తెరిచినా నాలుగింటికీ 'మొగ్గు, ప్రవృత్తి' అని తిప్పి తిప్పి అవే అర్థాలు. అన్నిచోట్లా 'మొగ్గు' అని రాసి చేతులు దులుపుకోవచ్చా?

జవాబు: అప్పుడే దులుపుకోకండి. నిఘంటువు చెప్పింది తప్పు కాదు, చాలలేదంతే. ప్రొక్లివిటీకి మూలమైన లాటిన్ మాటలో ఏటవాలు నేల ఉంది, ప్రొపెన్సిటీ మూలంలో కిందికి వేలాడడం ఉంది, పెన్‌షాంట్ ఒరగడమనే అర్థమున్న ఫ్రెంచి మాట. మన మొగ్గు కూడా తక్కెడ ఒక పక్కకు వాలడమేగా!

నేను మొదట చూసేది ఇష్టం ఉందా లేదా అని. టెండెన్సీకి ఇష్టంతో పని లేదు, ప్రాణంతోనూ పని లేదు. వానాకాలంలో చెక్క తలుపు బిగుసుకుపోతుంటే అది టెండెన్సీ. ఆ తలుపుకు పెన్‌షాంట్ ఉందంటే నవ్వుతారు. పెన్‌షాంట్ అంటే మక్కువ, అది మనసున్నవారికే. పాత గడియారాలు పోగుచేసేవారిది పెన్‌షాంట్. ఒక్కోసారి ఎత్తిపొడుపుగానూ వాడతారు: 'ఆలస్యంగా రావడమంటే ఆయనకు మహా మక్కువ' అన్నట్టు.

ప్రొపెన్సిటీ స్వభావంలోనే ఉండే గుణం. ఊరికే కోపం వచ్చేవారికి కోపమంటే ఇష్టమని కాదు కదా. ప్రొక్లివిటీ కూడా అలాంటిదే కానీ, పైకి చెప్పుకోలేని అలవాట్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. మంచి గుణానికి వాడకూడదని నియమం లేదు. అయినా పొగడ్తలో వాడితే చదివేవారు ఒక క్షణం అనుమానిస్తారు.

మరొకరు: ప్రొపెన్సిటీకి అర్థశాస్త్రంలో స్థిరపడిన తెలుగు మాట ఉందండీ. 1936లో ఆర్థికవేత్త కీన్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 'ప్రొపెన్సిటీ టు కన్స్యూమ్' (ఆదాయంలో ఖర్చు పెట్టే మేర) అనే భావనను మన పాఠ్యపుస్తకాలు 'వినియోగ ప్రవృత్తి' అంటాయి. ఆదాయం వంద రూపాయలు పెరిగితే అందులో ఎనభై ఖర్చు పెట్టేవారి ఉపాంత వినియోగ ప్రవృత్తి, అంటే పెరిగిన ఆదాయంలో ఖర్చయ్యే వాటా, 0.8. అక్కడ 'మొగ్గు' అంటే కుదరదు. మామూలు వ్యాసంలో మాత్రం 'ప్రవృత్తి' జాగ్రత్త! 'వృత్తి ఉపాధ్యాయుడు, ప్రవృత్తి కవిత్వం' అనే వాడుక అలవాటై, పాఠకుడు దాన్ని అభిరుచి అనుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు: చాలా సాయపడ్డారు. మరి ఇన్‌క్లినేషన్, ఆప్టిట్యూడ్?

జవాబు: ఇన్‌క్లినేషన్ ఒక్క సాయంత్రానికి కూడా ఉండవచ్చు. 'ఇవాళ బయటికి వెళ్లబుద్ధి కావడం లేదు' అంటామే, అదీ ఇన్‌క్లినేషన్ లేకపోవడమే. పెన్‌షాంట్ అలా పూటకోసారి మారదు. ఆప్టిట్యూడ్ ఈ జాబితాలోదే కాదు. అది మొగ్గు కాదు, చేతనయ్యే శక్తి. లెక్కలంటే పడకపోయినా లెక్కల ఆప్టిట్యూడ్ ఉన్న పిల్లలు ఉంటారు.

ప్రశ్న అడిగినవారు: చివరిగా ఒకటి. వ్యాసంలో ఒక పాత్రకు అబద్ధాల ప్రొక్లివిటీ ఉందన్నారు. 'అబద్ధాల యావ' అనవచ్చా?

జవాబు: యావ అంటే ఎప్పుడూ అదే ధ్యాస అని. అంత ఆత్రం మూలంలో లేదు. 'అబద్ధాలాడే గుణం' చాలు.