‘ఒక ఆరు’, ‘ఒక్కటే ఆరు’, ‘ఒక్క ఆరైనా’

“రెండు పాచికలను ఒకేసారి దొర్లిస్తే ఒక ఆరు పడే సంభావ్యత ఎంత?” అన్న ప్రశ్నకు కొందరు 10/36 అనీ, మరికొందరు 11/36 అనీ జవాబిస్తారు. ఇద్దరి లెక్కా సరైనదే. తేడా అంతా ‘ఒక’ అన్న మాటను ఎవరెలా చదివారన్న దగ్గర ఉంది. రెండు పాచికలకు కలిపి 36 సమసంభవ (పడే అవకాశం సమానంగా ఉన్న) ఫలితాలుంటాయి. వాటిలో మొదటి పాచిక మీద మాత్రమే ఆరు పడేవి ఐదు, రెండోదాని మీద మాత్రమే పడేవి ఐదు, రెండింటి మీదా పడేది ఒకటి. ఆ చివరిదాన్ని కలుపుకోవాలా, వదిలేయాలా అన్నదే పేచీ.

ప్రశ్నలో ‘ఒక ఆరు’ అని రాసి ఊరుకోవడం రాసినవారి అజాగ్రత్తేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ తేడాను చూపే ప్రత్యయాలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. ‘ఒక్కటే ఆరు’ అన్నామంటే ఆ ఏకారమే రెండో ఆరును తోసిపుచ్చుతుంది, జవాబు 10/36 అవుతుంది. ‘ఒక్క ఆరైనా’ అన్నామంటే రెండు పడినా అభ్యంతరం లేదని అర్థం, జవాబు 11/36. ‘కనీసం ఒక ఆరు’ అన్నా తప్పు లేదు గానీ, ‘ఒక్క ఆరైనా పడటం’ అన్నదాన్ని తిరగవేస్తే ‘ఒక్క ఆరూ పడకపోవడం’ అని పూరక ఘటన (అంటే అడిగినది జరగకపోవడం) దానంతటదే మాటల్లోకి వచ్చేస్తుంది. ఒక్కో పాచిక మీద ఆరు పడకపోయే సంభావ్యత 5/6; రెండింటి మీదా పడకపోయేది 25/36; దాన్ని 1లోంచి తీసివేస్తే 11/36 మిగులుతుంది.

పాచిక వేసే సార్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ అడ్డదారి విలువ తెలుస్తుంది. ఒకే పాచికను నాలుగుసార్లు వేసి ఒక్క ఆరైనా పడుతుందా అని చూస్తే, ఒకటి, రెండు, మూడు, నాలుగు ఆర్లు పడే సందర్భాలను విడివిడిగా లెక్కించి కూడే పని తప్పి, 1లోంచి 625/1296 తీసివేస్తే సరిపోతుంది. వచ్చే 671/1296 సగం కన్నా కాస్త ఎక్కువ. అయితే రెండు పాచికలను 24 సార్లు వేసి జంట ఆర్లు ఒక్కసారైనా పడతాయని పందెం కాస్తే గెలిచే సంభావ్యత సుమారు 0.491 మాత్రమే. 6కు 4 ఎలాగో 36కు 24 అలాగే కదా అన్న నిష్పత్తి వాదం ఇక్కడ చెల్లదు. 1654లో ఫ్రెంచి గణితజ్ఞులు పాస్కల్, ఫెర్మాల మధ్య నడిచిన ఉత్తరాలలో, జూదం మీద ఆసక్తి ఉన్న షెవాలియే ద మేరే లేవనెత్తిన ఈ చిక్కు ప్రస్తావనకు వచ్చింది.

పేకముక్కల ప్రశ్నలలో ఇదే తగాదా ‘లేదా’ దగ్గర మొదలవుతుంది. 52 ముక్కల్లోంచి తీసిన ముక్క ‘రాజు లేదా ఆఠీను’ అయ్యే సంభావ్యత అడిగితే, నాలుగు రాజులకు పదమూడు ఆఠీన్లు కలిపి 17/52 అనేవారు ఆఠీను రాజును రెండుసార్లు లెక్కించినట్లే. సరైన జవాబు 16/52, అంటే 4/13. ‘రాజు లేదా రాణి’ అన్నప్పుడు ఈ బెడద లేదు, ఏ ముక్కా రెండూ కాలేదు గనుక 8/52 నేరుగా వస్తుంది. వాడుకలో ‘లేదా’ తరచుగా ఇదో అదో ఏదో ఒకటే అన్న అర్థమిస్తుంది, గణితంలో మాత్రం రెండూ అయినదాన్నీ కలుపుకుంటుంది. ప్రశ్న వేసేవారికి ఆఠీను రాజు అక్కరలేకపోతే ‘రాజు, ఆఠీను అనే రెండు లక్షణాలలో ఒక్కటి మాత్రమే ఉన్న ముక్క’ అని విడమరచి రాయాలి. అప్పుడు జవాబు 15/52.