‘క్రాస్ ఓటింగ్’, ‘ఫిరాయింపు’: అమెరికా ప్రైమరీలకు ఈ మాటలు అతుకుతాయా?

ప్రశ్న (ఒక అనువాదకురాలు): ఒక పార్టీ అభిమాని ఎదుటి పార్టీ ప్రైమరీలో ఓటేస్తే అమెరికాలో దాన్ని ‘క్రాసోవర్ ఓటింగ్’ అంటారు. తెలుగులో ‘క్రాస్ ఓటింగ్’ అని రాయవచ్చా? ‘ఫిరాయింపు ఓటు’, ‘గోడ దూకిన ఓటర్లు’ అనే సూచనలూ వచ్చాయి. అసలు ‘ప్రైమరీ’ని ‘ప్రాథమిక ఎన్నిక’ అంటే సరిపోతుందా?

పత్రికా డెస్కు నుంచి: నాలుగో మాట నుంచే మొదలుపెడతానండీ. ‘ప్రాథమిక’ అనగానే మనకు పాఠశాల, ఆరోగ్య కేంద్రం గుర్తొస్తాయి. ప్రైమరీ అంటే, మన మాటల్లో చెప్పాలంటే, బీ-ఫారం ఎవరికివ్వాలో ఓటర్లు తేల్చే ఎన్నిక. ఇక్కడ అధిష్ఠానం చేసే పని అక్కడ పోలింగ్ కేంద్రంలో జరుగుతుంది. మొదటిసారి ‘అభ్యర్థి ఎంపిక ఎన్నిక’ అని విప్పి రాసి, ఆ తరవాత ‘ప్రైమరీ’ అనే వాడుకోవచ్చు.

‘క్రాస్ ఓటింగ్’ వద్దు. తెలుగులో దానికి ఇప్పటికే రెండు అర్థాలున్నాయి. రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే తన పార్టీ అభ్యర్థికి కాకుండా మరొకరికి వేస్తే క్రాస్ ఓటింగ్. ఆంధ్రప్రదేశ్‌లోలా అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ ఒకే రోజు జరిగే చోట, ఎమ్మెల్యేకి ఒక పార్టీ, ఎంపీకి మరో పార్టీ వేసినా అదే మాట. అమెరికా సంగతి ఈ రెంటిలో ఏదీ కాదు.

‘ఫిరాయింపు’ అంతకన్నా చేటు. ప్లేటు ఫిరాయించడం, మాట ఫిరాయించడం అంటాం కదా, అందులో ఇచ్చిన మాట తప్పడం ఉంది. పైగా 1985లో 52వ సవరణతో పార్టీ మారే ప్రజాప్రతినిధులపై వేటు వేసే పదో షెడ్యూలు వచ్చాక ఆ మాట చట్టసభ సభ్యులకు అంటుకుపోయింది. ఓటరు ఎవరికీ మాట ఇవ్వలేదు, తప్పే ప్రసక్తీ లేదు.

టెక్సాస్ నుంచి: ‘గోడ దూకడం’ గురించి. చాలా రాష్ట్రాల్లో దూకడానికి గోడే లేదు. టెక్సాస్ ఓటరు నమోదు పత్రంలో పార్టీ గడి ఉండదు. ప్రైమరీ రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే అదే ఇస్తారు. గోడ ఆ తరవాత లేస్తుంది. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే ముందున్న ఇద్దరి మధ్య రెండో విడత ఓటింగ్, అంటే రనాఫ్, పెడతారు. మొదటి విడతలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవారు రెండో పార్టీ రనాఫ్‌లో ఓటేయలేరు. 2024లో మార్చి 5న ప్రైమరీ, మే 28న రనాఫ్. మార్చిలో తీసుకున్న బ్యాలెట్టే మే నెలకూ కట్టేసిందన్నమాట. మొదటి విడతలో అసలు ఓటేయనివారు మాత్రం ఏ రనాఫ్‌కైనా వెళ్ళొచ్చు.

ఇంకో నష్టం చాలామంది చూసుకోరు. ఎదుటి పార్టీ బ్యాలెట్ తీసుకుంటే అందులో ఒక్క పోటీయే కాదు, కింది పదవుల అభ్యర్థులూ ఆ పార్టీవారే. సొంత పార్టీలో కౌంటీ పదవులకు జరిగే పోటీలన్నీ ఆ ఏడాదికి వదులుకున్నట్టే. మిషిగన్‌లో ఆగస్టు ప్రైమరీకి రెండు పార్టీలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి. రెండు వరుసల్లోనూ ఓట్లు పెడితే ఆ పార్టీల భాగం మొత్తం చెల్లదు.

న్యూజెర్సీ నుంచి: తూర్పున గోడ ఉంది, దానికి తేదీ కూడా ఉంది. న్యూజెర్సీలో ఒక పార్టీ కింద నమోదైనవారు మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే పత్రం ఇవ్వాలి. ఏ పార్టీలోనూ నమోదు కానివారు ఆ రోజే ఒకటి ఎంచుకోవచ్చు, కానీ ఆ ఎంపికతో ఆ పార్టీ పేరిట నమోదైపోతారు. న్యూయార్క్‌లో జూన్ ప్రైమరీకి మారాలంటే గడువు ఫిబ్రవరి 14. అంతకుముందు ఈ గడువు ఇంకా కఠినం. 2016 ఏప్రిల్ ప్రైమరీకి గడువు 2015 అక్టోబరులోనే ముగియడంతో డొనాల్డ్ ట్రంప్ పిల్లల్లో ఇద్దరు తండ్రికి ఓటేయలేకపోయారు.

అందుకే ఈ నమోదును ‘పార్టీ సభ్యత్వం’ అని అనువదించకండి. మన సభ్యత్వానికి రుసుము, కార్డు ఉంటాయి. అక్కడ ఓటరు పత్రంలో ఒక గడి నింపడం, అంతే. ‘పార్టీ నమోదు’ చాలు.

రాజనీతి శాస్త్రం చెప్పే మాస్టారు: అసలు చిక్కు ఉద్దేశంలో ఉంది. ఎదుటి ప్రైమరీకి వెళ్ళేవారు మూడు రకాలు. అక్కడి అభ్యర్థి నిజంగానే నచ్చినవారు ఒకరు. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎలాగూ ఆ పార్టీయే గెలిచే చోట, ఉన్నవాళ్ళలో నయమైనవారిని నిలబెడదామనుకునేవారు ఇంకొకరు. 2022లో వయోమింగ్‌లో కొందరు డెమోక్రాట్లు రిపబ్లికన్లుగా నమోదు మార్చుకుని ట్రంప్‌ను ఎదిరించిన రిపబ్లికన్ నేత లిజ్ చేనీకి వేసింది ఇందుకే. ఆమె భారీ తేడాతో ఓడారు, మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ప్రైమరీ ముందు పార్టీ మార్పును నిషేధించింది. మూడోవారు ఎదుటి పార్టీని దెబ్బతీయడానికే వెళ్ళేవారు. 2008లో రేడియో వ్యాఖ్యాత రష్ లింబా రిపబ్లికన్లను హిల్లరీ క్లింటన్‌కు వేయమన్నది డెమోక్రాట్ల పోటీ సాగి సాగి వాళ్ళు అలసిపోవాలని.

ఈ మూడో రకాన్ని అక్కడ ‘రెయిడింగ్’ అంటారు. 1973లో రొజారియో వర్సెస్ రాక్‌ఫెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో న్యూయార్క్ ముందస్తు గడువును నిలబెట్టింది దీన్ని ఆపడానికే. దీనికి ‘చెరుపు ఓటు’ అంటాను. ‘చెరపకురా చెడేవు’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: బలహీనుడనుకుని గెలిపించినవాడు నవంబరులో నెగ్గితే అనుభవించాల్సింది వేసినవారే.

మొదటి రెండు రకాలకూ కలిపి ‘పొరుగు ఓటు’ ఎలా ఉంటుంది?

పత్రికా డెస్కు నుంచి: మాస్టారూ, ‘చెరుపు ఓటు’ బాగా అతికింది. ‘పొరుగు ఓటు’ దగ్గర సందేహం. పొరుగింటి పుల్లకూర చప్పున గుర్తొచ్చి, రుచి కోసం వెళ్ళారన్న భావం వస్తుంది. రెండో రకానికి అది అన్యాయం. ‘పరపార్టీ ఓటు’ అంటే ఉద్దేశం ఏదీ అంటకుండా ఉంటుంది. లెక్కేసుకుని వేసిన చోట మాత్రం ‘ఎత్తుగడ ఓటు’ అనండి. ‘వ్యూహాత్మక’ అన్నది మరీ సైనిక ప్రకటనలా ఉంది.

మాస్టారు: ఒప్పుకుంటాను, ‘పరపార్టీ’ నయం. ఇంకొక్క మాట, ‘పార్టీ విధేయత’. విధేయత పైవారికి చూపేది. ఉత్తరం చివర ‘మీ విధేయుడు’ అని రాసేది అందుకే. ఎమ్మెల్యేకి అది సరిపోవచ్చు. ఓటరుకు ఉండేది అభిమానం. మిసిసిపీ చట్టం ప్రకారం ప్రైమరీలో ఓటేసేవారికి ఆ పార్టీ అభ్యర్థిని తరవాత సమర్థించే ఉద్దేశం ఉండాలి, కానీ మనసులో మాటను పోలింగ్ కేంద్రంలో ఎవరు తూచగలరు? 2014 జూన్ 24 రనాఫ్‌లో డెమోక్రాట్లను ఆదుకోమని అడిగి రిపబ్లికన్ సెనేటర్ థాడ్ కాక్రన్ స్వల్ప తేడాతో గట్టెక్కారు. అక్కడ పరిశీలించగలిగింది ఒక్కటే: మొదటి విడత జరిగిన జూన్ 3న డెమోక్రాటిక్ బ్యాలెట్ తీసుకున్నారా లేదా అన్నది.

అనువాదకురాలు: అయితే నా వాక్యం ఇలా మారుస్తున్నాను. ‘ఫిరాయించిన డెమోక్రాట్ల క్రాస్ ఓటింగ్‌తో కాక్రన్ విజయం’ తీసేసి, ‘డెమోక్రాట్ అభిమానుల పరపార్టీ ఓట్ల అండతో రిపబ్లికన్ రనాఫ్‌లో గట్టెక్కిన కాక్రన్’.